చేతికి నప్పే హ్యాండ్‌వాష్ కావాలా? ముందు మీ కుళాయి నీళ్లు చూడండి

రాజమండ్రిలో ఉండే అక్క వాడి బాగుందని చెప్పిన హ్యాండ్‌వాష్‌నే సఖినేటిపల్లిలో ఉండే చెల్లెలు కొంటుంది. నెల తిరిగేసరికి చెల్లెలి వేళ్ల చివర్లు బరకగా తయారవుతాయి, గోళ్ల చుట్టూ తోలు లేస్తుంది. అదే కంపెనీ, అదే వాసన, అదే రేటు. కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడేమో అనుకుంటుంది, లేకపోతే తన చర్మమే అంత అని సరిపెట్టుకుంటుంది. గోదావరి డెల్టాలో మాత్రం ముందుగా అనుమానించాల్సింది కుళాయిని. అక్క ఇంటికి వచ్చేవి గోదావరి నీళ్లు. చెల్లెలు చేతులు కడిగేది బోరు నీళ్లతో.

హ్యాండ్‌వాష్ ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాలన్నీ సీసా చుట్టూనే తిరుగుతాయి. సీసాలో ఏముందో తెలుసుకోవాల్సిందే, ఆ సంగతీ వివరంగా చూద్దాం. కానీ అది నీళ్లతో కలిశాకే చేతికి తగులుతుంది. నీళ్లు మారితే దాని గుణమూ మారుతుంది. మన డెల్టాలో ఊరు దాటితే నీళ్లు మారతాయి, ఒకే ఊళ్లో కాలాన్ని బట్టీ మారతాయి.

కాలవ నీళ్లు, బోరు నీళ్లు

1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి ఊళ్లకి కాలవ నీళ్లే ఆధారమయ్యాయి. చాలా ఊళ్లలో మంచినీళ్ల చెరువు నింపేది కాలవ నుంచే. ఈ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బోరు నీళ్లతో పోలిస్తే తక్కువ. అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపు, అంటే సముద్రానికి దగ్గరపడే కొద్దీ, భూమిలో నీళ్లు ఉప్పెక్కుతాయి. అక్కడ తాగడానికి చెరువు నీళ్లో టిన్ను నీళ్లో తెచ్చుకున్నా, వాడుకకి చాలా ఇళ్లలో బోరే దిక్కు. వేసవిలో కాలవలు కట్టేసి చెరువులు అడుగంటితే, ఏడాదంతా కాలవ నీళ్లు వాడే ఇళ్లవాళ్లు కూడా మోటారు వేస్తారు. జనవరిలో హాయిగా ఉన్న హ్యాండ్‌వాష్ మే నెలలో చురుక్కుమంటే ఎండనొక్కదాన్నే తప్పుపట్టకూడదు.

కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లనే స్కూల్లో కఠిన జలం అని చదువుకున్నాం. అసలైన సబ్బు ఈ నీళ్లలో సరిగ్గా నురగ రాదు, తెల్లగా తెట్టు కడుతుంది. బకెట్ అంచున పేరుకునే జిడ్డు చార అదే. ఆ తెట్టు చేతి మీద కూడా ఎంతో కొంత మిగులుతుంది, ముఖ్యంగా ఉంగరం కింద, వేళ్ల సందుల్లో. అది పోలేదని మళ్లీ సబ్బు పెడతాం, ఇంకాస్త గట్టిగా రుద్దుతాం. చర్మానికి నష్టం అక్కడే మొదలవుతుంది. ఉప్పు నీళ్లు ఇంకో రకంగా ఇబ్బంది పెడతాయి. ఉప్పు ఎక్కువైతే సబ్బు నీళ్లలో కరగకుండా విడిపోతుంది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే హ్యాండ్‌వాష్‌లలో ఎక్కువ భాగం సబ్బు కాదు, డిటర్జెంట్లతో చేసినవి, కాబట్టి ఇలా తెట్టు కట్టవు. అందుకని కఠిన జలంతో వాటికి పేచీ లేదనుకోకూడదు. నీటి కాఠిన్యం పెరిగితే సోడియం లారిల్ సల్ఫేట్ లాంటి డిటర్జెంట్లు కడిగాక కూడా చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతున్నాయని పరిశోధనల్లో తేలింది. మిగిలిన డిటర్జెంట్ చర్మాన్ని రేపుతూనే ఉంటుంది. చెల్లెలి బాధకి కారణం ఇదే కావచ్చు.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. చిన్న నీళ్ల బాటిల్లో సగం దాకా ఆ నీళ్లు పోసి, మామూలు ఒంటి సబ్బుని చాకుతో గీకి నాలుగు పలుకులు వేసి, మూత పెట్టి బాగా ఊపండి. పైన నురగ నిలిచి కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మెత్తటి నీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలలా మారి, విరిగిన ముక్కలు తేలితే కఠిన జలం. కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, కుళాయి మూతి దగ్గర తెల్లటి పెచ్చు కట్టడం కూడా దీని గుర్తులే. అంకెలు కావాలంటే పంచాయతీ నీళ్ల రిపోర్టులో 'మొత్తం కాఠిన్యం' చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. 600 దగ్గర ఉన్న నీళ్లు తాగడానికి పాసైనా చేతులు కడగడానికి ఏమంత మంచివి కావు.

సీసాలో ఉన్నది సబ్బేనా?

నూనెని క్షారంతో కలిపితే వచ్చేది సబ్బు. సోడియం హైడ్రాక్సైడ్ వాడితే గట్టి సబ్బు, పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే మెత్తగానో ద్రవంగానో ఉండే సబ్బు వస్తుంది. రెండూ క్షార గుణం ఉన్నవే, పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) 9, 10 ప్రాంతంలో ఉంటుంది. మన చర్మం పై పొర మాత్రం కొద్దిగా ఆమ్లం, పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5. సబ్బుతో కడిగిన ప్రతిసారీ ఆ పొర క్షారం వైపు జరుగుతుంది, మళ్లీ మామూలు స్థితికి రావడానికి సమయం పడుతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు కడిగేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. వంట, పిల్లలు, పశువులు, పూజ అన్నీ చూసుకునే ఇల్లాలు పదిహేను ఇరవైసార్లు కడుగుతుంది. ఆవిడ చర్మానికి కోలుకునే వ్యవధే దొరకదు.

అందుకే చాలా కంపెనీలు సీసాల్లో సబ్బుకి బదులు డిటర్జెంట్ల మిశ్రమం పోస్తాయి. డిటర్జెంట్ అనగానే బట్టల పొడి గుర్తొచ్చి భయపడక్కర్లేదు. వీటిలో సబ్బు కంటే సున్నితమైనవి చాలా ఉన్నాయి. పైగా పీహెచ్‌ని చర్మానికి దగ్గరగా సర్దుకునే వీలుంటుంది, సబ్బుకి ఆ వీలు లేదు.

మీ సీసాలో ఉన్నది ఏ రకమో పసుపు చెబుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం మనకి తెలుసు. పసుపు మరక పడ్డ చొక్కాకి సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారడమూ చూసే ఉంటారు. రెండింటికీ కారణం క్షారమే. తెల్లటి పింగాణీ పళ్లెంలో చిటికెడు పసుపు తడిపి రెండు చోట్ల పెట్టండి. ఒకదాని మీద నీళ్లలో అరగదీసిన ఒంటి సబ్బు, ఇంకోదాని మీద హ్యాండ్‌వాష్ చుక్క వేయండి. సబ్బు పడ్డది ఎర్రబారుతుంది. హ్యాండ్‌వాష్ పడ్డది కూడా ఎర్రబడితే అది క్షారం, చాలావరకు అసలైన సబ్బే. పసుపుగానే ఉంటే ఆమ్లమో తటస్థమో అన్నమాట. రంగుల హ్యాండ్‌వాష్ అయితే కొద్దిగా నీళ్లు కలిపి వేయాలి, లేకపోతే దాని రంగే కనిపిస్తుంది. ఈ పరీక్ష పీహెచ్ 5కీ 7కీ తేడా చూపించదు, వాసన నూనెల గురించీ చెప్పదు. అయినా 'పీహెచ్ బ్యాలెన్స్‌డ్' అని పెద్దక్షరాలతో రాసుకున్న సీసా పసుపుని ఎర్రగా మారిస్తే, దాన్ని చేతులకి కాకుండా గచ్చు తుడవడానికి వాడుకోవచ్చు.

సబ్బుల మీద రాసే టీఎఫ్‌ఎం, అంటే మొత్తం కొవ్వు పదార్థం, శాతం గురించి కూడా అడుగుతుంటారు. సబ్బుల ప్రమాణం ఐఎస్ 2888 ప్రకారం మొదటి గ్రేడ్ టాయిలెట్ సబ్బులో అది కనీసం 76 శాతం ఉండాలి. అది సబ్బు బిళ్లలకి సంబంధించిన కొలత. డిటర్జెంట్లతో చేసిన హ్యాండ్‌వాష్‌కి వర్తించదు, దాని మీద వెతకడం దండగ.

కోనసీమ కొబ్బరి

'కొబ్బరి నూనెతో చేసింది, సహజమైనది' అనే మాటకి మన దగ్గర ఆకర్షణ ఎక్కువ, అది సహజం కూడా. అయితే కొబ్బరి నూనె సీసాలోకి రెండు దారుల్లో చేరుతుంది, రెండూ చేతికి ఒకేలా ఉండవు.

ఒకటి, నూనెని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఉడికించి చేసే అసలైన ద్రవ సబ్బు. లేబుల్ మీద పొటాషియం కోకోయేట్ అని ఉంటుంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని సబ్బు బాగా కరుగుతుంది, ఉప్పు నీళ్లలో కూడా నురగ ఇస్తుంది. ఓడల్లో సముద్రపు నీళ్లతో స్నానానికి కొబ్బరి నూనె సబ్బే వాడేవాళ్లు. ఆ లెక్కన తీరపు ఊళ్లకి ఇది సరిపోవాలి. కానీ అదే లారిక్ సబ్బు చర్మం మీది సహజమైన జిడ్డుని కూడా బాగా లాగేస్తుంది. ఇంట్లో తయారుచేసి అమ్మే కొబ్బరి సబ్బులు వాడాక చేతులు కరకరలాడుతూ శుభ్రంగా అనిపిస్తాయి. ఆ కరకరే పొడిబారడం.

రెండో దారిలో, కొబ్బరి నూనె నుంచి ఫ్యాక్టరీలో సున్నితమైన డిటర్జెంట్లు తయారవుతాయి. కోకామిడోప్రొపైల్ బీటైన్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, సోడియం కోకోయిల్ గ్లుటమేట్ లాంటి పేర్లు కనిపిస్తాయి. నోరు తిరగని ఈ పేర్లని చూసి కెమికల్స్ అని పక్కన పెట్టేసి పొటాషియం కోకోయేట్ సీసా తీసుకునేవాళ్లు నిజానికి మెత్తటిదాన్ని వదిలి గట్టిదాన్ని ఎంచుకుంటున్నారు. ఈ విషయంలో సహజం అనే మాటని నేను నమ్మను. చేతికి ఏది హాయిగా ఉందన్నదే చూస్తాను.

కుంకుడుకాయకి మాత్రం నిజంగానే ఆ గౌరవం దక్కాలి. దాని రసం కొద్దిగా ఆమ్ల గుణంతోనే ఉంటుంది, మురికినీ వదిలిస్తుంది. కాకపోతే తీసిన రసం ఒకటి రెండు రోజుల్లో పాడవుతుంది, కంట్లో పడితే ఎలా ఉంటుందో ఆదివారం తలంటు పోసుకున్న పిల్లలందరికీ తెలుసు. సీసా మీద కుంకుడుకాయ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల అది తగినంత ఉందని కాదు. పదార్థాల జాబితాలో 1 శాతం కంటే ఎక్కువున్నవి ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. పరిమళం తర్వాత ఎక్కడో చివరన కుంకుడు కనిపిస్తే అది పేరుకే.

వెనక లేబుల్

జాబితాలో మొదటిది నీళ్లు. తర్వాతి మూడు నాలుగు పేర్లు చదివితే సగం పని అయిపోతుంది. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నా పలికి చూసుకుంటే చాలు.

లారిల్, లారెత్ అన్న రెండు మాటల దగ్గర జాగ్రత్త. సోడియం లారిల్ సల్ఫేట్ చర్మాన్ని రేపే గుణం ఎంత నమ్మకమైనదంటే, చర్మం ఎంత సున్నితమో కొలవడానికి పరిశోధకులు దాన్నే వాడతారు. సోడియం లారెత్ సల్ఫేట్ దాని కంటే నయం, పక్కన బీటైన్ కూడా ఉంటే ఇంకా మెత్తబడుతుంది. మామూలు ధరలో దొరికే చాలా హ్యాండ్‌వాష్‌లలో ఈ జోడీయే ఉంటుంది, ఆరోగ్యమైన చేతులకి అది చాలు. ఇప్పటికే పగిలిన చేతులుంటే గ్లూకోసైడ్, ఐసెథియోనేట్, గ్లుటమేట్ ముందున్నవి వెతకాలి. 'సల్ఫేట్ ఫ్రీ' అన్న ముద్ర ఒక్కటే చూసి కొనకండి. సల్ఫేట్ తీసేసి ఓలెఫిన్ సల్ఫోనేట్ పోసినా ఆ ముద్ర వేసుకోవచ్చు, అది ప్రత్యేకించి మెత్తటిదేమీ కాదు.

గ్లిజరిన్ జాబితాలో ఎంత పైన ఉంటే అంత మంచిది, అది తేమని పట్టి ఉంచుతుంది. బోరు నీళ్ల ఇళ్లవాళ్లు ఇంకో పేరు వెతకాలి, ఈడీటీఏ. అది కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకుంటుంది కాబట్టి కఠిన జలంలో కడిగే పని సాఫీగా సాగుతుంది. చిక్కదనం చూసి మోసపోవద్దు. ఈ రకం డిటర్జెంట్లలో మామూలు ఉప్పు కలిపితే చిక్కబడతాయి. ముత్యంలా మెరిసే తెలుపు కూడా పాలో మీగడో కాదు, చాలాసార్లు గ్లైకాల్ డైస్టియరేట్ అనే పదార్థం.

నీళ్లున్న ఏ సరుకైనా పాడవకుండా నిలవ మందు కావాలి. ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా చెప్పుకునే ద్రవ సబ్బు నాకు భయం. అయితే మిథైల్ ఐసోథియాజోలినోన్, మిథైల్ క్లోరో ఐసోథియాజోలినోన్ అనే రెండింటితో కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. మొదటిదాన్ని అమెరికాలోని చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2013లో ఆ ఏటి ముఖ్యమైన అలర్జీ కారకంగా ప్రకటించింది. చేతుల మీద దురద ఉన్నవాళ్లు సోడియం బెంజోయేట్, ఫినాక్సీ ఇథనాల్ ఉన్నవి తీసుకోవడం మేలు.

క్రిములని చంపుతుందన్న ప్రచారానికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఇలాంటి సబ్బులు మామూలు సబ్బూ, నీళ్ల కంటే మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలని అలాంటి సబ్బుల్లోంచి తీసేయమంది. ఇంట్లో క్రిములు పోయేది 20 సెకన్లపాటు వేళ్ల సందులు, గోళ్లు, బొటనవేళ్లు రుద్ది కడిగినందువల్ల.

అన్నం కలుపుకునే చెయ్యి

హ్యాండ్‌వాష్ వాసన గురించి చెప్పేవాళ్లు మన అలవాటుని లెక్కలోకి తీసుకోరు. మనం చేత్తో తింటాం. గులాబీనో లావెండరో ఘాటుగా కొట్టే చేత్తో కొత్తావకాయ, నెయ్యి వేసి అన్నం కలిపితే ముద్ద నోటి దాకా వచ్చేసరికి ముక్కుకి తగిలేది గులాబీయే. కష్టపడి పెట్టిన ఆవకాయకి అంతకంటే అన్యాయం లేదు. భోజనాల గది సింకు దగ్గర వాసన లేనిదో, కడిగిన రెండు నిమిషాల్లో పోయేదో ఉంచండి. పరిమళం ఇష్టమైతే దాన్ని బాత్‌రూమ్‌కి పరిమితం చేయండి. హాయిగా ఉన్నదైతే పిల్లలు చెప్పకుండానే చేతులు కడుగుతారు, కాబట్టి ఇష్టాన్ని చిన్నచూపు చూడను.

చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకి మాత్రం వాసన లేనిదే మంచిది. నిమ్మ, లావెండర్ లాంటి మొక్కల నూనెల్లో ఉండే లిమొనీన్, లినలూల్ గాలి తగిలి మారాక అలర్జీ తెప్పించగలవు. 'అన్‌సెంటెడ్' అని రాసిన వాటిలో వాసనని కప్పిపుచ్చే పరిమళం ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నది తీసుకుని, జాబితాలో కూడా పరిమళం లేదని చూసుకోండి.

రొయ్యలు, సముద్రపు చేపలు చేసిన చేతుల వాసనకి ఘాటైన హ్యాండ్‌వాష్ మీద ఆధారపడక్కర్లేదు. ఆ వాసన ఎక్కువగా ట్రైమిథైల్ అమీన్ అనే క్షారానిది. చింతపండు పిప్పి, నిమ్మచెక్క రుద్దే పాత పద్ధతి పనిచేసేది అందుకే, వాటిలోని ఆమ్లం దాన్ని విరిచేస్తుంది. చేతి మీద కోతలుంటే మాత్రం నిమ్మ వద్దు, పల్చటి చింతపండు నీళ్లు చాలు. పనసపొట్టు కొట్టినప్పుడు చేతికి అంటుకునే జిగురుకి, ఆవకాయ కారం మంటకి నూనె ముందు రాయాలి. జిగురూ, కారంలోని ఘాటూ నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. నూనెతో తుడిచేశాక ఒక్క నొక్కు హ్యాండ్‌వాష్ సరిపోతుంది. నాలుగుసార్లు సబ్బు పెట్టి రుద్దితే ఏ మెత్తటి హ్యాండ్‌వాష్ అయినా గట్టిదైపోతుంది.

కడిగే పద్ధతిలో రెండు చిన్న మార్పులు చాలు. వేడి నీళ్లు మానేసి చల్లటి నీళ్లే వాడండి. బోరు నీళ్లయితే ఎక్కువసేపు కడిగి, ఉంగరం తీసి కింద కూడా కడగండి. చేతులు ఇప్పటికే పగిలి ఉంటే చివరగా ఒక చెంబుడు చెరువు నీళ్లు పోసుకుని, అద్ది తుడిచి, కాస్త తడి ఉండగానే రెండు చుక్కల కొబ్బరి నూనె రాయండి. కొబ్బరి నూనె చేతికి మేలు చేసేది సబ్బుగా మారినప్పటి కంటే ఇలా రాసుకున్నప్పుడే.

ప్యాకెట్ విప్పి పోసే ముందు

రీఫిల్ ప్యాకెట్ కొనడం పొదుపే. కానీ సీసా అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోయడం, అయిపోవస్తోందని నీళ్లు కలిపి ఇంకో వారం లాగించడం దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. నీళ్లు కలిపితే నిలవ మందు పల్చబడుతుంది, మన ఉక్కలో క్రిములు అందులోనే పెరగడం మొదలుపెడతాయి. ఎడతెగకుండా నింపుకుంటూ వాడే డబ్బాల్లో బ్యాక్టీరియా పెరిగినట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. సీసా ఖాళీ అయ్యాక పంపుతో సహా కడిగి, తలకిందులుగా ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే పోయండి. నురగలా వచ్చే పంపు సీసాలో పోసేందుకు నీళ్లు కలపాల్సి వస్తే కాచి చల్లార్చిన నీళ్లు వాడి, కొద్దికొద్దిగా కలుపుకోండి.

నీళ్లు చూసుకుని, లేబుల్ చదివి, సీసా మార్చి మూడు నాలుగు వారాలైనా వేళ్ల మధ్య దురద, చిన్న నీటి పొక్కులు, పగుళ్లలో రక్తం కనిపిస్తుంటే ఇంకో బ్రాండ్ కొనకండి. చర్మ వైద్యుల దగ్గరకి వెళ్లండి. రొయ్యలు వలిచే పనికి వెళ్లేవాళ్లు, పీచు పని చేసేవాళ్లు, రోజంతా చేతులు తడిలో ఉండేవాళ్లు ఇంకా త్వరగా వెళ్లాలి. వాళ్ల బాధకి మూలం హ్యాండ్‌వాష్ కాకుండా పనిలోని తడి, చేతికి వేసుకునే రబ్బరు గ్లవ్‌లు కావచ్చు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే హ్యాండ్‌వాష్, గిన్నెల సబ్బు, ఒంటి సబ్బు, అన్నిటి వెనక లేబుళ్లనీ ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లండి. ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలని చర్మానికి అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేయించాలా, చేయిస్తే ఏ పదార్థాలకి చేయించాలి అన్నది డాక్టరుకి వాటిని బట్టే తెలుస్తుంది.